పాలమూరు లాంటి ఊరికి ట్రామా, బస్సా?

పాలమూరు పాదచారి:
నమస్కారం. మాది మహబూబ్‌నగర్‌లోని ఏనుగొండ. మా అమ్మాయి రోజూ బండమీదిపల్లిలోని విశ్వవిద్యాలయానికి వెళ్లి వస్తుంది. షేర్ ఆటోలో డ్రైవరు పక్కన ఇరుక్కుని వెళ్తున్న పిల్లలను చూసినప్పుడల్లా నాకు భయం వేస్తుంది. కొన్నేళ్ల కిందట కలకత్తాలో ఎస్ప్లనేడ్ దగ్గర ట్రామ్ (వీధిలో వేసిన పట్టాల మీద కరెంటుతో నడిచే బండి) ఎక్కాను. పొగ లేకుండా, తనకంటూ ఒక దారితో సాగిన ఆ ప్రయాణం మనసులో నిలిచిపోయింది. మన ఊరికి అటువంటిది ఎందుకు రాకూడదు? బస్సు కంటే అది నిజంగా మేలైనదా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

నల్లగొండ రిటైర్డ్ ఇంజనీరు:
మేలైనదే, అయితే జనం ఎక్కువగా ఉన్నచోట మాత్రమే. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం, రబ్బరు టైరు తారురోడ్డు మీద దొర్లేటప్పటి కంటే చాలా తక్కువ కాబట్టి, అదే బరువును లాగడానికి విద్యుత్తు తక్కువ సరిపోతుంది. పెద్ద ట్రామ్ ఒకేసారి రెండు వందల మందిని తీసుకుపోతుంది, ముప్పై ఏళ్లకు పైగా పనిచేస్తుంది. మామూలు బస్సులో నిలబడినవారితో కలిపి అరవై, డెబ్బై మంది పడతారు.

అయినా మన దేశంలో ట్రాములు ఎందుకు నిలవలేదో చూడండి. మద్రాసులో 1895లో మొదలైన విద్యుత్ ట్రాములు 1953లో ఆగిపోయాయి, ఢిల్లీలో 1963లో, బొంబాయిలో 1964లో ముగిశాయి. మీరు ఎక్కిన కలకత్తా ట్రాముల విషయంలోనూ, మైదాన్–ఎస్ప్లనేడ్ మార్గం తప్ప మిగిలినవి ఆపేస్తామని 2024లో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. చాలా వీథుల్లో ట్రామ్‌కున్న ప్రత్యేక జాగాను తీసేసి కార్లతో కలిపేశారు, దానితో అది కార్ల వెనుకే నిలబడవలసి వచ్చింది. పట్టా మీద ఎవరో స్కూటరు నిలిపితే బస్సు పక్కకు తప్పుకుంటుంది, ట్రామ్ తప్పుకోలేదు. ఒకటి చెడిపోతే దాని వెనుక ఉన్నవన్నీ ఆగిపోతాయి. సుమారు 250 కిలోమీటర్ల పట్టాలతో ప్రపంచంలోనే అతిపెద్ద ట్రామ్ వ్యవస్థ ఉన్న మెల్‌బోర్న్‌లో కూడా చాలా భాగం కార్లతో పంచుకున్న రోడ్డే కాబట్టి వేగం తగ్గుతుందన్న బాధ ఉంది. పైగా మీ ఊరి నడుమ నుంచి పోయేది 167వ జాతీయ రహదారి. దాని మీద పట్టాలు వేయడం నగరపాలక సంస్థ ఒక్కటీ తీర్చగలిగిన మాట కాదు.

డిపోలో పనిచేసినవాడిని:
ఇంజనీరు గారి మాటకు నేను లెక్క కలుపుతాను. ఏనుగొండ నుంచి బండమీదిపల్లికి పోయి తిరిగి రావడానికి, రెండు చివర్లలో ఆగే సమయంతో కలిపి గంట పడుతుందనుకుందాం. పది నిమిషాలకొక బస్సు నడపాలంటే ఆరు బస్సులు, ఒక స్పేర్ బస్సు ఉంటే చాలు. గంటకు ఆరు ట్రిప్పులు, ట్రిప్పుకు అరవై మంది చొప్పున ఒక దిక్కున 360 మంది పోతారు. జనం పెరిగితే అయిదు నిమిషాలకొకటి చేయవచ్చు, దారి నచ్చకపోతే మార్చవచ్చు. పట్టాలకు ఈ వెసులుబాటు లేదు. ఇంతే జనానికి రెండు వందల మంది పట్టే ట్రామ్‌ను అరగంటకొకసారి నడిపితే దాని కోసం ఎవరూ నిలబడరు. బండి ఎంత పెద్దదన్నది కాదు, ఎంతసేపటికి వస్తుందన్నదే ప్రయాణికుడు చూసేది. ముప్పై ఏళ్ల నౌకరీలో నేను నేర్చుకున్నది అదే.

జడ్చర్ల నుంచి రోజూ వచ్చే ఉద్యోగిని:
అన్నగారు చెప్పినది మా అందరి అనుభవం. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. అయినా బస్టాండులో దిగి ఆఫీసుకు ఆటో ఎక్కితే డబ్బు ఇవ్వాల్సిందే, ఎందుకంటే ఊరి లోపల వేళకు దొరికే బస్సు లేదు. ట్రామ్ మాట పక్కన పెట్టి, ముందు ఉదయం ఎనిమిది నుంచి పది వరకైనా బస్సు వేళకు వచ్చేలా అడుగుదాం.

పాలమూరు పాదచారి:
అందరికీ కృతజ్ఞతలు. పట్టాల మీది ఆశ నాకు పూర్తిగా పోలేదు గానీ, అమ్మాయి చదువు ముగిసేలోపు అందేది బస్సే. ఉదయం ఎనిమిది నుంచి పది వరకు, పది నిమిషాలకొక బస్సు కోరుతూ డిపోకు, నగరపాలక సంస్థకు అర్జీ రాస్తున్నాను. డిపోలో పనిచేసిన అన్న టైం టేబుల్ ఒకసారి చూసి దిద్దగలిగితే, ఆదివారం దాన్ని ఇక్కడే పెడతాను.