అప్‌డేట్: కొల్లూరు ప్రీలాంచ్ ఫ్లాటు సంగతి

ప్రీలాంచ్ అంటే కట్టడం మొదలుకాకముందే అమ్మడం; మొత్తం సొమ్ము ముందే కడితే దాదాపు సగం ధరకే ఫ్లాటు ఇస్తామంటున్నారు, హైదరాబాద్ శివారు కొల్లూరు వైపు, కట్టవచ్చా అని అడిగాను కదా. కట్టలేదు.

మీరు చెప్పినట్టే రెరా (స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు అడిగాను. "వచ్చేస్తుంది సార్, ఫైలు నడుస్తోంది" అన్నారు. తెలంగాణ రెరా వెబ్‌సైటులో ఆ పేరుతో ప్రాజెక్టే లేదు. 2016 రెరా చట్టం ప్రకారం ప్రాజెక్టుకు అక్కడ రిజిస్ట్రేషన్ లేనిదే ప్రకటన ఇవ్వడమే కుదరదు, ఇక అమ్మకం మాట చెప్పనక్కరలేదు. విక్రయ ఒప్పందం రిజిస్టరు చేయకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. వీళ్లడిగింది నూటికి నూరు!

స్థలమూ చూశాను. రేకుల ప్రహరీ, పెద్ద బోర్డు, లోపల బండరాళ్లు, మేస్తున్న గేదెలు. ఆఫీసులోని నమూనాలో మాత్రం ఈత కొలను, దాని చుట్టూ గోరంత బొమ్మ మనుషులు. రశీదు ఎలా ఉంటుందో చూపమంటే తెచ్చిన కాగితంలో ఫ్లాటు నంబరు లేదు, అవిభాజ్య వాటా (మొత్తం స్థలంలో ఆ ఫ్లాటుకు వచ్చే వంతు) ఎన్ని గజాలో లేదు.

ఇప్పుడు నల్లగండ్లలో రెరా రిజిస్ట్రేషన్ ఉన్నది ఒకటి చూస్తున్నాం. ధర ఎక్కువే. అయితే కొనేవాళ్ల సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి స్థలానికీ నిర్మాణానికే వాడాలన్న నిబంధన ఉంది, ఆ మాత్రం ధీమా చాలు. లింకు డాక్యుమెంట్లు (స్థలం ఇంతకుముందు ఎవరి చేతులు మారిందో చూపే పాత దస్తావేజులు) వకీలు చేతిలో ఉన్నాయి. ఆయన సరేనన్నాకే బ్యాంకు గడప తొక్కుతాం.