‘ట్రిగ్గర్ ఒక్కసారి ఆడితే’: ఒక చట్టంలోని మాటకు తెలుగు

టపా (అనువాదకురాలు, హైదరాబాద్):

సభ్యులకు నమస్కారం. అమెరికా తెలుగువాళ్ల పత్రిక ఒకదాని కోసం బంప్ స్టాక్ (రైఫిల్ వేగంగా పేలేలా దానికి తగిలించే పరికరం) వివాదం మీద వ్యాసం తెలుగు చేస్తున్నాను. అంతా సాఫీగానే సాగింది కానీ ఒక్క మాట దగ్గర కలం ముందుకు కదలడం లేదు. ‘సింగిల్ ఫంక్షన్ ఆఫ్ ద ట్రిగ్గర్’. ఇది వ్యాసం రాసినవారి మాట అయితే నాకు తోచినట్టు రాసేసేదాన్ని. చట్టంలోని మాట. సుప్రీంకోర్టు కేసు మొత్తం దాని చుట్టూనే తిరిగింది.

తెలియనివారి కోసం కాస్త వెనక్కి వెళ్తాను. ముఠాలు టామీ గన్లతో వీధుల్లో కాల్పులకు దిగుతున్న రోజుల్లో, 1934లో, అమెరికా నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ తెచ్చింది. మధ్యలో చేత్తో తూటా నింపే పని లేకుండా, ట్రిగ్గర్ ‘సింగిల్ ఫంక్షన్’తో, ఆటోమేటిక్‌గా, ఒకటి కంటే ఎక్కువ తూటాలు పేల్చేది మెషిన్ గన్ అని అందులోని నిర్వచనం సారాంశం. 1986 మే 19 తర్వాత తయారైన మెషిన్ గన్‌ను అక్కడ మామూలు మనిషి కొనడానికి వీల్లేదు. కాబట్టి ఒక వస్తువు ఈ నిర్వచనంలోకి వస్తే దగ్గర పెట్టుకోవడమే నేరం, రాకపోతే దుకాణంలో దొరికే సరుకు.

2017 అక్టోబర్ 1 రాత్రి లాస్ వేగస్‌లో మాండలే బే హోటల్ 32వ అంతస్తు నుంచి ఒకడు కింద సంగీతోత్సవంలో ఉన్న జనం మీద పది పదకొండు నిమిషాల్లో వెయ్యికి పైగా తూటాలు పేల్చాడు. మొదట 58 మంది చనిపోయారని లెక్క తేలింది. ఆ గాయాలతోనే తర్వాత మరో ఇద్దరు పోయారు. అతను వాడిన రైఫిళ్లకు బంప్ స్టాక్‌లు బిగించి ఉన్నాయి. ఆ వస్తువు మెషిన్ గన్ కిందికి రాదని అప్పటిదాకా ఉత్తరాలు ఇస్తూ వచ్చిన ఏటీఎఫ్ అనే, తుపాకుల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ, ట్రంప్ మొదటి పాలనలో, 2018 డిసెంబర్‌లో, అది మెషిన్ గనే అని కొత్త నిబంధన పెట్టింది. 2019 మార్చి 26 కల్లా అందరూ వాటిని నాశనం చేయాలి, లేదా అప్పగించాలి. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో తుపాకుల దుకాణం నడిపే మైకేల్ కార్గిల్ తనవి రెండూ అప్పగించి కోర్టుకెక్కాడు. 2024 జూన్ 14న సుప్రీంకోర్టులో 6–3తో గెలిచాడు.

ఇప్పుడు నా ప్రశ్న. ‘ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే’ అని రాయడం తేలిక, చదివేవాళ్లకూ ఇట్టే అర్థమవుతుంది. కానీ నొక్కేది వేలు. చట్టం వేలి ఊసే ఎత్తలేదు. ‘నొక్కితే’ అని రాసిన క్షణమే కేసులో ఒక పక్షం వహించినట్టు అవుతుంది. ‘ఒకే చర్య’ అందామంటే ఎవరి చర్య? ‘పనితీరు’ అంటే అర్థమే వేరు. ఏం రాయమంటారు?

వ్యాఖ్య (ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో పనిచేసి రిటైరయిన సభ్యుడు, కర్నూలు):

అమ్మా, మాట సంగతి పెద్దలు చెప్తారు. లోపల ఏం జరుగుతుందో నేను చెప్తాను, అది తెలిస్తే మాట దొరకొచ్చు.

మేము మోసిన ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్‌లో ఒక నొక్కుకి ఒక రౌండ్, అంటే ఒక తూటా. వేలు బిగించి ఎంతసేపు ఉంచినా రెండోది రాదు. వేలు వదిలితే ట్రిగ్గర్ ముందుకొచ్చి లోపల మళ్లీ పట్టుకుంటుంది, అప్పుడు నొక్కాలి. ఇన్సాస్ రైఫిల్‌లో లివర్ మారిస్తే ఒక నొక్కుకి మూడు. ఏకేని ఆటోలో పెడితే వేలు ఉన్నంతసేపూ పోతూనే ఉంటాయి.

బంప్ స్టాక్‌లో రైఫిల్ బట్టు (భుజానికి ఆనించే వెనక భాగం) లోపలే వెనక్కీ ముందుకీ జారుతుంది. పేలిన దెబ్బకి రైఫిల్ వెనక్కి వస్తుంది, దాంతో ట్రిగ్గర్ వేలిని వదిలేస్తుంది. ఎడమ చెయ్యి రైఫిల్‌ని ముందుకు తోస్తూనే ఉంటుంది కాబట్టి ట్రిగ్గర్ మళ్లీ వచ్చి వేలికే తగులుతుంది. వేలు మాత్రం ఉన్నచోటు నుంచి కదలదు. అంటే ట్రిగ్గర్ ప్రతి రౌండ్‌కీ వదులుతోంది, పట్టుకుంటోంది. మనిషి చేసేదల్లా వేలు ఆనించి రెండో చేత్తో తోయడం. నిమిషానికి 400 నుంచి 800 రౌండ్ల వేగం అంటున్నారు. మామూలు మనిషి వేలితో అంత వేగం రాదు.

ఇంకోమాట. ట్రిగ్గర్‌ని కొందరు తెలుగులో ‘మీట’ అంటారు గానీ, మా లైన్స్‌లో ఎవరూ అలా అనగా నేను వినలేదు. ట్రిగ్గర్, బట్టు, మ్యాగజీన్, రౌండ్, ఇవే మా మాటలు.

వ్యాఖ్య (తెలుగు పండితుడు, విశ్రాంత ఉపాధ్యాయుడు, తణుకు):

కర్నూలు సోదరుడు చెప్పాక నాకు చిక్కు ఎక్కడుందో తెలిసింది తల్లీ. మన క్రియలు చాలావరకు జంటలు. పేలు–పేల్చు, కదులు–కదుపు, తిరుగు–తిప్పు. మొదటిదానిలో వస్తువు కర్త. రెండోదానిలో వెనక ఒక మనిషి నిలబడి ఉంటాడు. పేపర్లో ‘తుపాకి పేలి కానిస్టేబుల్ మృతి’ అని ఉంటే ప్రమాదం అనుకుంటాం. ‘తుపాకితో కాల్చుకుని’ అని ఉంటే ఇంట్లో ఏం కష్టమొచ్చిందో అనుకుంటాం. శాఖాపరమైన విచారణ, కుటుంబానికి వచ్చే పరిహారం కూడా ఆ క్రియ మీద ఆధారపడి ఉంటాయి.

ఇంగ్లిష్ ‘ఫంక్షన్’ ఈ రెండింటికీ చోటిస్తుంది. ట్రిగ్గర్ తన పని తాను చేయడమూ అవుతుంది, ట్రిగ్గర్ చేత పని చేయించడమూ అవుతుంది. ‘నొక్కు’ ఆ రెండో తలుపు ఒక్కటే తెరుస్తుంది, మీ అభ్యంతరం సబబే. ‘పనిచేస్తే’ అనవచ్చు కానీ ‘ఫ్యాన్ పనిచేస్తోంది’ అన్నట్టు చెడిపోలేదు అనే అర్థం ముందొచ్చి నిలుచుంటుంది.

నా సూచన ‘ఆడు’. మర ఆడుతోంది, గానుగ ఆడుతోంది, ఊపిరి ఆడటం లేదు. తాళం బిగుసుకుపోతే ‘లోపల ఆడటం లేదు’ అంటాం. ఒక భాగం తన చోట తాను అటూ ఇటూ కదిలి చేయాల్సిన పని చేయడానికి మనకున్న మాట ఇది. దానికి జంట కూడా సిద్ధంగా ఉంది: పిండి ఆడించుకొస్తాం. ‘ట్రిగ్గర్ ఒక్కసారి ఆడితే’ అనండి. ‘మీట’ నాకు ఇష్టమే కానీ తుపాకి పట్టినవాళ్లే అనని మాటను మనం బలవంతంగా వాళ్ల నోట పెట్టడం ఎందుకు?

జవాబు (అనువాదకురాలు):

మాస్టారూ, మీకు పాదాభివందనం. ‘ఆడు’ పెట్టుకుని తీర్పు మళ్లీ చదివాను. రెండు పక్షాల మధ్య తేడా తెలుగులో ఇంత శుభ్రంగా విడిపోతుందని అనుకోలేదు.

మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ థామస్ చూసింది ట్రిగ్గర్ ఆడటాన్ని. తీర్పులో ఏకంగా బొమ్మలు వేయించారు. ట్రిగ్గర్ కదిలితే లోపలి భాగాలు ఎలా జారతాయి, సుత్తి ఎలా వదులుతుంది, మళ్లీ ఎలా పట్టుకుంటుంది, వరుసగా చూపించారు. బంప్ స్టాక్ ఉన్నా ప్రతి తూటాకీ ఈ తతంగమంతా మళ్లీ జరగాల్సిందే, కాబట్టి ఒక ఆటకి ఒకటే తూటా అన్నారు. అసమ్మతి రాసిన జస్టిస్ సోటోమేయర్ చూసింది ఆడించడాన్ని. కాల్చేవాడు మొదలుపెట్టడానికి చేసే పని ఒక్కటే, ఆ తర్వాత వేలు ఆనించి ముందుకు తోస్తూ ఉంటే కాల్పులు సాగుతూనే ఉంటాయి, చట్టం ఉద్దేశించింది దీన్నే అన్నారు. బాతులా నడిచి, బాతులా ఈది, బాతులా అరిచే పిట్ట కనిపిస్తే దాన్ని నేను బాతు అనే అంటాను అని రాశారు. జస్టిస్ కేగన్, జస్టిస్ జాక్సన్ ఆమెతో కలిశారు.

1934 విచారణల్లో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. అప్పటి నేషనల్ రైఫిల్ అసోసియేషన్ అధ్యక్షుడు కార్ల్ ఫ్రెడరిక్ సభాసంఘం ముందు మెషిన్ గన్‌ను నిర్వచిస్తూ ‘సింగిల్ పుల్’ అనీ, వెంటనే ‘సింగిల్ ఫంక్షన్’ అనీ, రెండూ ఒకటే అన్నట్టు ఒకే వాక్యంలో వాడాడు. చట్టంలోకి రెండోది ఎక్కింది. ఆయనకు లాగడం, ఆడటం వేరు వేరని తోచలేదు. అప్పటి తుపాకులకు ఆ తేడా అక్కర్లేదు కూడా. వేలు కదలకుండా ట్రిగ్గర్ కదిలే వస్తువు వచ్చాకే ఆ రెండు మాటలూ విడిపోయాయి.

నా మనసు సోటోమేయర్ వైపే ఉంది, దాచను. పది నిమిషాల్లో వెయ్యి తూటాలు కురిపించినదాన్ని మెషిన్ గన్ కాదనడం నాకు మింగుడు పడదు. అయినా అనువాదంలో ‘ఆడిస్తే’ అని పెట్టను. మూలంలో తెరిచి ఉన్న తలుపును తెలుగులో నేను మూయకూడదు.

వ్యాఖ్య (డాలస్ సభ్యుడు):

అక్కా, పౌరసత్వం వచ్చాక నేను పిస్టల్ కొనుక్కున్నాను, రేంజ్‌కి వెళ్తుంటాను. అందుకే ఒక విన్నపం. శీర్షికలో ‘తుపాకి హక్కు’ అని పెట్టకండి. తుపాకి హక్కు ఇచ్చే 1791 నాటి రాజ్యాంగ రెండో సవరణ ఈ కేసులో ప్రశ్నే కాదు. కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) రాసిన నిర్వచనంలో లేనిదాన్ని ఒక సంస్థ అందులోకి లాగొచ్చా అన్నదే ప్రశ్న. 5,20,000 దాకా బంప్ స్టాక్‌లు జనం దగ్గర ఉండొచ్చని ఏటీఎఫ్ తానే అంచనా వేసింది. కొనుక్కోవచ్చని ఉత్తరం ఇచ్చిన సంస్థే తర్వాత నేరం అంటే, నాలాంటి చట్టం ప్రకారం నడుచుకునేవాడు దేన్ని నమ్మాలి? నాకు బంప్ స్టాక్ అక్కర్లేదు. నిషేధించాలంటే కాంగ్రెస్ నిషేధించాలి.

వ్యాఖ్య (డాలస్ పరిసరాల సభ్యురాలు):

అన్నా, మీ న్యాయం అర్థమైంది. అయితే 2023 మే 6న అలెన్ మాల్‌లో 8 మంది చనిపోయినప్పుడు అందులో మన హైదరాబాద్ అమ్మాయి ఉంది. మేం వారం వారం వెళ్లే మాల్ అది. అక్కడ వాడింది బంప్ స్టాక్ కాదు, రెండూ కలిపి మాట్లాడను. కానీ ఆ తర్వాత నుంచి ఎక్కడికెళ్లినా బయటికి దారి ఎటుందో ముందు చూసుకుంటున్నాం. ఆ టెన్షన్ పోదు.

మాట గురించి ఒకటి అడగాలి. ‘యాక్సెసరీ’కి కొందరు ‘ఉపకరణం’ అంటున్నారు. నాకు అది బడిపిల్లల బోధనోపకరణంలా వినిపిస్తోంది. ఇంకో మాట లేదా?

వ్యాఖ్య (న్యాయవాది, విజయవాడ):

‘తుపాకికి తగిలించే పరికరం’ అంటే చాలు మేడమ్. చట్టం తెలుగు చేసేటప్పుడు నాలుగు మాటలైనా సూటిగా ఉండటం మేలు.

మన చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నా. 1959 ఆయుధ చట్టంలో నిషిద్ధాయుధాల నిర్వచనం ట్రిగ్గర్ మీద ఒత్తిడితో మొదలవుతుంది. ట్రిగ్గర్ మీద ఒత్తిడి పెడితే, ఆ ఒత్తిడి తీసేవరకో మ్యాగజీన్ ఖాళీ అయ్యేవరకో తూటాలు పోతూనే ఉండేలా రూపొందించినది, లేదా అలా మార్చినది, నిషిద్ధం. ఇక్కడ ‘ఫంక్షన్’ లేదు, ‘ప్రెషర్’ ఉంది. ఒత్తిడి అనగానే పెట్టే మనిషి ఉన్నట్టే, మాస్టారి లెక్కలో ఇది ‘ఆడించు’ పక్కకే ఒరుగుతుంది. ‘మార్చినది’ అనే మాట కూడా ఉండటం మంచిదైంది. అయినా బంప్ స్టాక్‌తో కాల్చేటప్పుడు ట్రిగ్గర్ ప్రతిసారీ వేలిని వదులుతుంది గనక, ఒత్తిడి తీసినట్టా కాదా అని మన కోర్టుల్లోనూ వాదించొచ్చు. అయితే మన దగ్గర మామూలు తుపాకికే లైసెన్స్ తప్పనిసరి కాబట్టి, వాదన అంతదాకా రావడం కష్టం.

జవాబు (అనువాదకురాలు):

లాయర్ గారూ, ఆ పోలికను వ్యాసం చివర అనువాదకురాలి మాటగా పెడతాను. డాలస్ తమ్ముడూ, శీర్షిక మార్చాను. కాంగ్రెస్ గురించి నువ్వన్నదే జస్టిస్ అలీటో విడిగా రాశారు: లాస్ వేగస్ ఘటన చట్టం మార్చాల్సిన అవసరాన్ని చూపించింది, దారి తేలికైనదే, కాంగ్రెస్ సవరించవచ్చు అని. తీర్పు వచ్చిన నాలుగు రోజులకే, జూన్ 18న, సెనేటర్ మార్టిన్ హైన్రిక్ బంప్ స్టాక్‌ల నిషేధ బిల్లును ఏకగ్రీవంగా ఆమోదించమని సెనేట్‌ను అడిగారు. సెనేటర్ పీట్ రికెట్స్ అభ్యంతరం చెప్పడంతో అది అక్కడే ఆగింది. కాలిఫోర్నియా, ఫ్లోరిడా లాంటి రాష్ట్రాలు సొంతంగా చేసుకున్న నిషేధాలను ఈ తీర్పు ముట్టుకోలేదు, ఆ సంగతి వ్యాసంలో పైకి తెస్తున్నాను.

ఇక ‘ఆటోమేటిక్‌గా’. ‘స్వయంచాలకంగా’ అని మొదట రాశాను, చదువుతుంటే పళ్ల కింద రాయిలా తగిలింది. ‘తనంతట తానే’ అని మార్చాను. థామస్ రెండో వాదన కూడా దీంతో తేటపడింది: ఎడమ చెయ్యి తోస్తూ ఉండాలి గనక అది తనంతట తాను పేలడం కాదు అంటారాయన. కర్నూలు అన్నయ్య చెప్పిన ఆ తోసే చెయ్యే ఇక్కడా కీలకం.

నిర్వచనం ఇలా పంపుతున్నాను, అభ్యంతరం ఉంటే ఈ రాత్రిలోగా చెప్పండి:

‘ట్రిగ్గర్ ఒక్కసారి ఆడితే, చేత్తో మళ్లీ నింపకుండా, తనంతట తానే ఒకటికి మించి తూటాలు పేల్చే ఆయుధం, లేదా అలా పేల్చేలా రూపొందించిన ఆయుధం, లేదా సులువుగా తిరిగి అలా పేల్చే స్థితికి తేగలిగిన ఆయుధం.’

వ్యాఖ్య (తెలుగు పండితుడు, తణుకు):

‘ఒకటికి మించి’ తర్వాత ‘తూటాలు’ బాగుంది. మూడుసార్లు ‘ఆయుధం’ అక్కర్లేదు తల్లీ, చివర ఒక్కటి ఉంచండి. మిగతాది పంపేయండి.