నడుస్తున్న మీడియా సర్వర్‌ను విండోస్ నుంచి లినక్స్‌కు మార్చాలా, వద్దా?

@మూడోఅర:
పాత డెస్క్‌టాప్‌లో విండోస్ 10, దానిమీద జెల్లీఫిన్ (మన సినిమాలు, సీరియళ్లను ఇంట్లో టీవీలకూ ఫోన్లకూ అందించే ఉచిత సర్వర్ ప్రోగ్రాం). ఆరేళ్లుగా నడుస్తోంది. రెండు 4 టీబీ డ్రైవ్‌లు, రెండూ ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లు దాచుకునే ఫార్మాట్). ప్రాసెసర్ ఇంటెల్ ఏడో తరానిది కాబట్టి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. లినక్స్‌లో ఒక రకమైన డెబియన్ వేద్దామని ఉంది. కానీ ఇంట్లో నలుగురం చూస్తాం. ఎవరు ఏ ఎపిసోడ్ దాకా చూశారన్న లెక్క పోతుందేమోనని టెన్షన్. మార్చినవాళ్లు, మార్చి వెనక్కి వచ్చినవాళ్లు కూడా చెప్పండి.

@కదపొద్దు:
కదపకండి. ఇంటి నెట్‌వర్క్ లోపలే వాడుతూ, రౌటర్‌లో పోర్ట్ (బయటి ఇంటర్నెట్ నుంచి లోపలికి వచ్చే దారి) తెరవకుండా ఉంటే ముప్పు తక్కువ. పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్‌లకు నమోదు చేసుకుంటే ఇంకొంత కాలం గడుస్తుంది. అసలు విషయం వేరే. మీరు ఊళ్లో లేనప్పుడు సర్వర్ ఆగిపోతే ఏం చేస్తారు? విండోస్ అయితే ఫోన్లో చెప్పి ఇంట్లోవాళ్లతో క్లిక్ చేయించవచ్చు. నల్ల స్క్రీన్ మీద కమాండ్‌లు చదివి వినిపించమంటే ఎవరికి ఓపిక? నేను ఒకసారి మార్చి, నెల తిరక్కుండానే వెనక్కి వచ్చాను.

@డ్రైవ్‌కాపలా:
కదపొద్దు గారూ, ఊళ్లో లేనప్పుడు అన్న మాట నిజమే, దాన్ని కొట్టిపారేయను. కానీ అప్‌డేట్‌ల పొడిగింపు గడువు పెంచుతుంది తప్ప సమస్యను తీర్చదు. నా ఓటు మార్పుకే. ఒక్క షరతు: పాత విండోస్ డిస్క్‌ను చెరపొద్దు. చిన్న ఎస్‌ఎస్‌డీ (వేగమైన కొత్త రకం డిస్క్) ఒకటి తెచ్చి డెబియన్ దానిమీద వేయండి, పాతది తీసి అరలో పెట్టండి. నచ్చకపోతే పది నిమిషాల్లో కేబుల్ మార్చి వెనక్కి వెళ్లొచ్చు.

కష్టమంతా ఇన్‌స్టాల్‌లో ఉండదండీ, డ్రైవ్‌ల దగ్గర ఉంటుంది. నా సంగతే చెబుతాను. మొదటిసారి జెల్లీఫిన్‌లో సినిమాల స్కాన్ పెడితే బార్ 100 శాతానికి వెళ్లింది, స్క్రీన్ మీద ఒక్క పోస్టర్ లేదు. ఫైల్ మేనేజర్‌లో చూస్తే సినిమాలన్నీ ఉన్నాయి. గంటన్నర సెట్టింగ్‌లు తిప్పాక అర్థమైంది: జెల్లీఫిన్ తన సొంత యూజర్ కింద నడుస్తుంది. నేను డ్రైవ్‌ను డెస్క్‌టాప్ మీద క్లిక్ చేసి తెరిచాను కాబట్టి అది నా లాగిన్‌కు మాత్రమే కనిపించే చోట మౌంట్ అయింది, అంటే అక్కడ ఫోల్డర్‌గా తగులుకుంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ డ్రైవ్ ఎక్కడ తగలాలో రాసే ఫైల్) యూయూఐడీతో (డ్రైవ్‌కుండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) స్థిరమైన ఫోల్డర్‌కు మౌంట్ చేశాక అన్నీ వచ్చాయి. ఆ లైన్లో నోఫెయిల్ (డ్రైవ్ దొరక్కపోయినా బూట్ ఆపొద్దని చెప్పే మాట) అన్నది తప్పకుండా చేర్చండి. లేకపోతే డేటా డ్రైవ్ ఒకటి చెడిపోయిన రోజు మెషిన్ బూటే కాకుండా ఎమర్జెన్సీ మోడ్‌లో (కమాండ్‌లతో బాగుచేసే దాకా ఆగిపోయే స్థితి) కూర్చుంటుంది. ఊళ్లో లేనప్పుడు అన్నారే, ఆ భయానికి సగం మందు ఈ ఒక్క మాటే.

ఇంకొకటి. డ్రైవ్‌లు విప్పే ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా తెరుచుకోవడానికి పూర్తిగా ఆగకుండా సగం నిద్రపోయే సదుపాయం) ఆఫ్ చేసి, పూర్తిగా షట్‌డౌన్ చేయండి. అది ఆన్‌లో ఉంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ సగం నిద్రలో ఉండిపోతుంది, లినక్స్ దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా అసలు తెరవనంటుంది. మొదట్లో ఎన్‌టీఎఫ్‌ఎస్‌తోనే నడపొచ్చు, లినక్స్ మూల భాగమైన కెర్నల్‌లో 5.15 వెర్షన్ నుంచి దానికి డ్రైవర్ లోపలే ఉంది. కానీ అక్కడే ఉండిపోవద్దు. ఫైళ్లు అలాగే ఉంచి లినక్స్ సొంత ఫార్మాట్ ఈఎక్స్‌టీ4కు మార్చే నమ్మదగ్గ దారి లేదు, కాబట్టి ఒక డ్రైవ్ ఖాళీ చేసి, ఫార్మాట్ చేసి, రెండోదాన్ని అందులోకి కాపీ చేసుకుంటూ రావాలి.

చూసిన లెక్క సంగతి. పాత డేటాబేస్‌లో ఫైళ్ల దారులన్నీ విండోస్ డ్రైవ్ అక్షరంతో మొదలవుతాయి, అందుకే దాన్ని కాపీ చేసి కొత్త దాంట్లో పడేస్తే కుదరదు. ట్రాక్ట్ (ఎవరు ఏం చూశారో దాచిపెట్టే వెబ్‌సైట్) ప్లగిన్ పెట్టి, ఒక్కొక్కరి లెక్క ముందు అక్కడికి పంపి, కొత్త సర్వర్‌లోకి దించుకోండి. నలుగురికీ నాలుగు ఖాతాలు కావాలి, విసుగే.

ట్రాన్స్‌కోడింగ్‌కు, అంటే చూసే పరికరానికి సరిపడేలా వీడియోను అప్పటికప్పుడు మార్చడానికి, బెంగ అక్కర్లేదు. ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్‌లోని వీడియో భాగం క్విక్ సింక్, కొత్త రకం వీడియో ఫార్మాట్ అయిన 10 బిట్ హెచ్‌ఈవీసీ కూడా డీకోడ్ చేస్తుంది. జెల్లీఫిన్ యూజర్ రెండర్ గ్రూపులో (ఆ వీడియో భాగాన్ని వాడే అనుమతి ఉన్న యూజర్ల జాబితా) ఉందో లేదో చూసుకోండి.

@కదపొద్దు:
నోఫెయిల్ సంగతి నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. నేను వెనక్కి వచ్చింది సరిగ్గా ఆ ఎమర్జెన్సీ మోడ్ వల్లే. అయినా నా మాట మార్చుకోను. నాలుగు ఖాతాలు, 8 టీబీ కాపీ... నడుస్తున్నదానికి ఇంత పని ఎందుకు?

@మూడోఅర:
ఇద్దరికీ థాంక్స్. ట్రాక్ట్ ఖాతాలు ఈ రాత్రే తెరుస్తాను. నాన్నగారి లెక్క ఒక్కటి సరిగ్గా పాత సర్వర్ నుంచి పైకి వెళ్తే ఎస్‌ఎస్‌డీ కొంటాను, వెళ్లకపోతే ప్రస్తుతానికి కదపను.