టీకింటర్: బటన్ నొక్కకముందే ఎర్రర్, ఎంట్రీలో టైప్ చేసింది ఫంక్షన్‌కి అందట్లేదు

ప్రశ్న

పైథాన్ 3లో విండోలు తయారుచేసే లైబ్రరీ టీకింటర్‌తో పాల లెక్కకు చిన్న విండో రాస్తున్నాను. లీటర్లకు ఒక ఎంట్రీ (టైప్ చేసే పెట్టె), ధరకు ఒక ఎంట్రీ, కింద బటన్, మొత్తం చూపించడానికి ఒక లేబుల్. అసలు లైన్లు ఇవి:

లీటర్లు = ఎంట్రీ(రూట్).గ్రిడ్(రో=0, కాలమ్=1)
ధర = ఎంట్రీ(రూట్)
ధర.గ్రిడ్(రో=1, కాలమ్=1)
బటన్(రూట్, టెక్స్ట్="లెక్కించు", కమాండ్=లెక్క()).గ్రిడ్(రో=2, కాలమ్=1)

లెక్క ఫంక్షన్‌లో లీటర్లు.గెట్(), ధర.గెట్() తీసుకుని ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యలుగా) మార్చి గుణిస్తున్నాను. రన్ చేయగానే, ఇంకా బటన్ నొక్కకుండానే, నన్‌టైప్‌కి గెట్ అనే ఆట్రిబ్యూట్ లేదంటూ ఆగిపోతోంది. ఫంక్షన్‌లో ట్రై-ఎక్సెప్ట్ (ఎర్రర్‌ని పట్టుకునే కోడ్) పెడితే విండో వస్తోంది గానీ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఎక్కడ పోతోందండీ?

జవాబు 1

ఇందులో రెండు తప్పులు కలిసిపోయాయండీ. ఒక్కటే సరిచేస్తే ఎర్రర్ పూర్తిగా పోదు.

మొదటిది కమాండ్=లెక్క(). బ్రాకెట్లు పెట్టారంటే బటన్ తయారయ్యే లైన్‌లోనే ఫంక్షన్ నడిచిపోతుంది. అది తిరిగి ఇచ్చేది నన్ (ఏమీ లేదు అని చెప్పే విలువ), బటన్‌కి దక్కేదీ అదే. ట్రై-ఎక్సెప్ట్ పెట్టాక బటన్ పలకకపోవడానికి కారణం ఇదే: దానికి ఏ ఫంక్షనూ అతుక్కోలేదు. కమాండ్=లెక్క అని పేరు మాత్రమే ఇవ్వండి.

రెండోది మొదటి లైన్. గ్రిడ్, ప్యాక్, ప్లేస్ (విండోలో చోటు చూపి అమర్చేవి) మూడూ నన్‌నే తిరిగి ఇస్తాయి. కాబట్టి లీటర్లు అనే పేరులో మిగిలింది ఎంట్రీ కాదు, నన్. ధరని రెండు లైన్లుగా రాశారు కాబట్టి అది బాగానే ఉంది; లీటర్లనీ అలాగే విడగొట్టండి. బటన్‌ని తర్వాత ఎక్కడా వాడట్లేదు కాబట్టి అది ఒకే లైన్‌లో ఉన్నా ఇబ్బంది లేదు.

బ్రాకెట్లు మాత్రమే తీసేస్తే ఇదే ఎర్రర్ బటన్ నొక్కినప్పుడు వస్తుంది. గ్రిడ్ మాత్రమే విడగొడితే ప్రోగ్రామ్ మొదలవగానే ఖాళీ స్ట్రింగ్‌ని ఫ్లోట్‌గా మార్చలేక వాల్యూఎర్రర్ వస్తుంది. ఆ క్షణానికి ఎవరూ ఏమీ టైప్ చేయలేదు కదా!

గెట్ ఎప్పుడు పిలిస్తే అప్పటి అక్షరాలే ఇస్తుంది. అందుకే దాన్ని పైన ఒకసారి పిలిచి వేరియబుల్‌లో దాచుకోకూడదు, హ్యాండ్లర్ (బటన్ నొక్కితే నడిచే ఫంక్షన్, ఇక్కడ లెక్క) లోపలే పిలవాలి. కేవలం చదవడానికైతే ఎంట్రీకి కట్టే ప్రత్యేక వేరియబుల్ స్ట్రింగ్‌వార్ కూడా అక్కర్లేదు. ఎంట్రీలు వేరే ఫంక్షన్‌లో తయారు చేస్తుంటే మాత్రం క్లాస్ పెట్టి సెల్ఫ్‌లో దాచండి, లేదంటే లెక్కకి ఆ పేర్లు కనబడవు.

జవాబు 2

పై రెండూ సరిచేశాక మీకు ఎదురయ్యేది చెత్త ఇన్‌పుట్. గెట్ ఎప్పుడూ స్ట్రింగే ఇస్తుంది. ముందు స్ట్రిప్ చేయండి (అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసేయండి), తర్వాత కామాలు తీసేయండి. "1,250" అని కొడితే ఫ్లోట్ ఒప్పుకోదు. "౨.౫" అని తెలుగు అంకెల్లో కొట్టినా పైథాన్ 2.5గానే తీసుకుంటుంది, దానికి వేరే కోడ్ అక్కర్లేదు.

డబ్బు లెక్క కాబట్టి ఫ్లోట్ వద్దు, దశాంశాలను కచ్చితంగా ఉంచే డెసిమల్ వాడండి. ఒక్క జాగ్రత్త: తప్పు స్ట్రింగ్ ఇస్తే డెసిమల్ నుంచి వచ్చేది వాల్యూఎర్రర్ కాదు, ఇన్‌వాలిడ్‌ఆపరేషన్. ఎక్సెప్ట్‌లో ఆ పేరే రాయాలి. ఉత్త ఎక్సెప్ట్ రాసి పాస్ అనడం అన్నిటికన్నా చేటు, మీ అసలు తప్పుని దాచింది అదే. పట్టుకున్నాక లేబుల్‌లో "లీటర్లు సరిగా రాయండి" అని చూపించి, కర్సర్ అక్కడికే వెళ్లేలా ఆ ఎంట్రీకి ఫోకస్‌సెట్ ఇవ్వండి.

అడిగినవారు

రెండూ మార్చాను, పనిచేస్తోంది. ధన్యవాదాలండీ. ఇప్పుడు ఫర్ లూప్‌తో పది వరసలు పెట్టాను, వరసకో బటన్, కమాండ్=లాంబ్డా: లెక్క(ఐ). ఏ బటన్ నొక్కినా చివరి వరసే లెక్కిస్తోంది. ఎంటర్ కొట్టినా లెక్క రావాలంటే ఎలా?

జవాబు 3

లాంబ్డా (పేరులేని చిన్న ఫంక్షన్) ఐ విలువని పట్టుకుని ఉంచదు, నొక్కినప్పుడు వెళ్లి చూస్తుంది. అప్పటికి లూప్ అయిపోయి ఐ 9 దగ్గర ఆగి ఉంటుంది. లాంబ్డా ఐ=ఐ: లెక్క(ఐ) అని రాస్తే ప్రతి బటన్‌కీ తన అంకె తనకి ఉంటుంది. ఎంట్రీలను కూడా లిస్ట్‌లో అపెండ్ చేయండి, లేకపోతే చేతిలో మిగిలేది చివరిదొక్కటే.

ఎంటర్‌కి ప్రతి ఎంట్రీ మీదా "<రిటర్న్>"ని బైండ్ చేయాలి (ఆ కీ నొక్కితే ఫంక్షన్ నడిచేలా కట్టాలి). ఇక్కడ అదే లాంబ్డాని కాపీ చేసి పెట్టకండి! బటన్ కమాండ్‌కి టీకింటర్ ఏమీ పంపదు. బైండ్‌కి మాత్రం ఈవెంట్‌ని (ఏ కీ నొక్కారో వంటి వివరాలున్న ఆబ్జెక్ట్) పంపుతుంది. ఆ ఈవెంట్ వచ్చి ఐ స్థానంలో కూర్చుంటుంది, లిస్ట్ ఇండెక్స్ దగ్గర టైప్‌ఎర్రర్ వస్తుంది. లాంబ్డా ఈ, ఐ=ఐ: లెక్క(ఐ) అని రాయండి. కీబోర్డు కుడివైపు అంకెల దగ్గరున్న ఎంటర్ వేరే కీ, దాని పేరు "<కేపీ_ఎంటర్>". లెక్కలు కొట్టేవాళ్ల చెయ్యి దాని మీదే ఉంటుంది కాబట్టి దాన్నీ బైండ్ చేయండి.

ఇవన్నీ పరీక్షించేటప్పుడు టెర్మినల్ నుంచే రన్ చేయండి. హ్యాండ్లర్‌లో వచ్చిన ఎర్రర్‌తో విండో మూసుకుపోదు, ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ వివరం) టెర్మినల్‌లో పడుతుంది. విండోస్‌లో ఫైల్‌ని డాట్ పీవైడబ్ల్యూగా పెట్టి డబుల్ క్లిక్ చేస్తే ఆ ట్రేస్‌బ్యాక్ ఎక్కడా కనబడదు.