తెలుగు ఓసీఆర్ యాప్ అమ్మాలంటే ఏ లైబ్రరీ లైసెన్సు అడ్డొస్తుంది?

ప్రశ్న:
స్కాన్ చేసిన తెలుగు పీడీఎఫ్‌ల నుంచి టెక్స్ట్ తీసే విండోస్ యాప్‌ను పైథాన్‌లో రాస్తున్నాను. సోర్సు ఇవ్వకుండా అమ్మాలని ఉంది. వాడుతున్నవి: టెసరాక్ట్ (బొమ్మలోని అక్షరాలు గుర్తించే ఓసీఆర్ ఇంజిన్), పైమ్యూపీడీఎఫ్ (పీడీఎఫ్ చదివే లైబ్రరీ), పైక్యూటీ6 (యాప్ విండోలు గీసే లైబ్రరీ), మండలి ఫాంటు, యూనికోడ్ సరిచేసే చిన్న కోడ్ ఒకటి. ఆ కోడ్ గిట్‌హబ్‌లో దొరికింది, ఆ రిపోలో లైసెన్స్ ఫైలు లేదు. అంతా పైఇన్‌స్టాలర్‌ (పైథాన్ ప్రోగ్రామును ప్యాక్ చేసే టూల్) తో ఒకే ఈఎక్స్‌ఈ చేస్తున్నాను. రచయితల పేర్లు వేస్తే సరిపోతుందా?

జవాబు 1:
సరిపోదండీ. మొదటి చిక్కు పైమ్యూపీడీఎఫ్. దాని లైసెన్సు ఏజీపీఎల్. దాన్ని ఇంపోర్ట్ చేసుకున్న యాప్‌ను అమ్మితే మీ కోడ్ కూడా ఏజీపీఎల్ కిందే ఇవ్వాలి, లేదంటే దాని తయారీ సంస్థ ఆర్టిఫెక్స్ దగ్గర కమర్షియల్ లైసెన్సు కొనుక్కోవాలి. యాప్ బదులు వెబ్ సర్వీసుగా పెట్టినా తప్పించుకోలేరు. నెట్‌వర్క్ మీద వాడేవాళ్లకూ సోర్సు అందించాలనే ఏజీపీఎల్‌లో 13వ సెక్షన్ పెట్టారు. పేజీని బొమ్మగా మార్చడం వరకే మీ పని అయితే పైపీడీఎఫ్‌ఐయం2 చాలు, దాని లైసెన్సు అపాచీ లేదా బీఎస్‌డీ, ఇవి మీ సోర్సు అడగవు.

రెండోది పైక్యూటీ6: జీపీఎల్ 3 (ఇదీ మీ సోర్సు అడిగేదే) లేదా కమర్షియల్. దాని బదులు వాడదగ్గ పైసైడ్6 ఎల్‌జీపీఎల్‌లో (జీపీఎల్ కన్నా సడలింపున్న లైసెన్సు) దొరుకుతుంది, కోడ్‌లో మార్చాల్సింది కొంచెమే. కానీ ఈ రెండింటి అడుగున ఉన్న క్యూటీ లైబ్రరీ ఫైళ్లను (డీఎల్‌ఎల్‌లను) యూజరు తనకు నచ్చిన వెర్షన్‌తో మార్చుకునే వీలుండాలి. అన్నీ ఒకే ఈఎక్స్‌ఈలో కుక్కితే ఆ వీలు పోతుంది, అందుకని పైఇన్‌స్టాలర్‌లో వన్‌డిర్ మోడ్ (ఫైళ్లను విడివిడిగా ఒక ఫోల్డరులో ఉంచేది) వాడండి. యూజరుతో మీ ఒప్పందంలో "రివర్స్ ఇంజినీరింగ్ పూర్తిగా నిషిద్ధం" (ప్రోగ్రామును విప్పి చూడకూడదు) అని ఉంటే, ఎల్‌జీపీఎల్ భాగాలకు మినహాయింపు రాయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

జవాబు 2:
పైమ్యూపీడీఎఫ్ తీసేసి పీడీఎఫ్2ఇమేజ్ పెట్టుకుందామనుకుంటే జాగ్రత్త. దాని లైసెన్సు సులువైన ఎంఐటీయే, కానీ లోపల పని చేసేది పాప్లర్ అనే ప్రోగ్రాము, అది జీపీఎల్. పాప్లర్ వేరే ప్రోగ్రాముగా నడుస్తుంది కాబట్టి ఆ జీపీఎల్ మీ కోడ్‌కు అంటదు. అయితే పాప్లర్ ఈఎక్స్‌ఈలను మీ ఇన్‌స్టాలర్‌లో పెడితే, ఆ వెర్షన్ సోర్సు ఇచ్చే బాధ్యత మీది.

టెసరాక్ట్ అపాచీ 2.0, దాని కింద ఉన్న లెప్టోనికా అనే బొమ్మల లైబ్రరీ బీఎస్‌డీ. రెండింటి లైసెన్సు పాఠాలూ యాప్‌తో పాటు వెళ్లాలి. పిప్-లైసెన్సెస్ అనే టూల్ పైథాన్ ప్యాకేజీల జాబితా ఇస్తుంది. డీఎల్‌ఎల్‌లు అందులో కనిపించవు, బిల్డ్ ఫోల్డరు తెరిచి వాటిని చేత్తో చూసుకోవాల్సిందే.

ప్రశ్న అడిగినవారు:
లైసెన్సు లేని ఆ కోడ్ సంగతి? వేరియబుల్ పేర్లు మార్చి వాడొచ్చా?

జవాబు 3:
వద్దు. లైసెన్సు లేదంటే హక్కులన్నీ రచయితవే. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనగానే లెక్కిస్తుంది, పేర్లు మార్చినా అది నకలే. గిట్‌హబ్ నిబంధనలు ఇతరులకు ఇచ్చేది అక్కడ చూసే, ఫోర్క్ చేసుకునే (అక్కడే తమ ఖాతాలోకి నకలు తీసుకునే) అనుమతి మాత్రమే. రిపోలో ఇష్యూ (రచయితకు సందేశం) తెరిచి, లైసెన్స్ ఫైలు పెట్టమని మర్యాదగా అడగండి.

అసలు మీకు ఆ కోడ్ అక్కర్లేకపోవచ్చు. ఎత్వం పక్కన ఐత్వపు కింది గుర్తు విడిగా వస్తే రెండింటినీ కలిపి ఐత్వం చేయడం లాంటివి పైథాన్‌తో వచ్చే యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లో ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషనే చేసేస్తుంది.

మండలి ఓఎఫ్‌ఎల్ (ఓపెన్ ఫాంట్ లైసెన్సు) ఫాంటు. యాప్‌తో కలిపి అమ్మొచ్చు, విడిగా ఫాంటునే అమ్మకూడదు. ఓఎఫ్‌ఎల్ టెక్స్ట్ ఫైలు పక్కనే ఉంచండి. గ్లిఫ్‌లు (అక్షర రూపాలు) మార్చేలా ఉంటే, ఆ ఫైలు మొదట్లో రిజర్వ్‌డ్ ఫాంట్ నేమ్ (మార్చిన ఫాంటుకు వాడకూడని పేరు) ఉందేమో చూసి, ఉంటే వేరే పేరు పెట్టండి.