రొయ్య పేరులో ప్రాథమ్యమా, ప్రాధాన్యమా?

జంతువుల శాస్త్రీయ నామకరణంలో ‘ప్రయారిటీ’ అనే మాటకు ‘ప్రాధాన్యం’ అని రాస్తే సరిపోతుందా అన్న ప్రశ్నకు, సరిపోదనే నా జవాబు. ప్రధానమైనదాని గుణం ప్రాధాన్యం, ప్రథమమైనదాని గుణం ప్రాథమ్యం. ఒకే జీవికి రెండు పేర్లున్నప్పుడు ఏది చెల్లాలో తేల్చే ‘ప్రయారిటీ’ నియమం, ఏది గొప్పదని అడగదు, ఏది ముందు అచ్చయిందని మాత్రమే అడుగుతుంది. అదీ జీవులకు రెండు మాటల పేర్ల పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్ గ్రంథం ‘సిస్టమా నేచురే’ 1758 నాటి పదో కూర్పు నుంచి లెక్క.

మన చెరువుల్లోని వనామి రొయ్యనే చూడండి. అమెరికా ఖండాల పసిఫిక్ తీరానికి చెందిన ఈ జాతికి 1931లో బూన్ అనే శాస్త్రవేత్త ‘పెనియస్ వన్నామెయి’ అని పేరు పెట్టారు. ఇందులో మొదటి మాట ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, జీనస్) పేరు, రెండోది జాతిని గుర్తించేది. వాన్ నేమ్ అనే జంతుశాస్త్రవేత్త పేరుకు లాటిన్ షష్ఠి ప్రత్యయమైన ఇకారం చేరి ఆ రెండో మాట ఏర్పడింది. (మన ‘ఊరి’, ‘ఏటి’ మాటల చివరి ఇకారం గుర్తుకొస్తుంది గాని, అది కేవలం కాకతాళీయం.) 1969లో పెరెజ్ ఫర్ఫాంటే అనే శాస్త్రవేత్త పెనియస్‌లో ‘లిటోపెనియస్’ అనే ఉపప్రజాతిని ఏర్పరిచారు, 1997లో ఆమె, కెన్స్‌లీ కలిసి దాన్ని ప్రజాతి స్థాయికి పెంచారు. అప్పుడు రొయ్య శాస్త్రీయ నామం పక్కన రాసే బూన్ పేరు, సంవత్సరం కుండలీకరణాల్లోకి వెళ్లాయి. తొలుత పెట్టిన ప్రజాతి ఇది కాదని చెప్పడానికి అదే గుర్తు. తరువాత పలువురు పరిశోధకులు ఆ రొయ్యను తిరిగి పెనియస్‌లోనే చేర్చారు. రెండు ప్రజాతులూ ఒకటేనని ఒప్పుకుంటే, 1798లో ఫాబ్రీషియస్ పెట్టిన పెనియస్సే నిలుస్తుంది, కుండలీకరణాలు తొలగిపోతాయి. అయితే అవి రెండా, ఒకటా అన్నది శాస్త్రవేత్తలు తేల్చవలసిన సంగతి, ప్రాథమ్య నియమం తేల్చేది కాదు.

పత్రికలు ‘ప్రభుత్వ ప్రాథమ్యాలు’ అని ముఖ్యమైన పనులకే వాడుతున్నాయన్న అభ్యంతరం న్యాయమైనదే. అయినా ‘పూర్వత్వం’ అని కొత్తగా అలవాటు చేయడం కన్నా, ఉన్న మాటను దాని అసలు అర్థానికి తిప్పుకోవడమే మేలని నాకు తోస్తుంది.

ముందు అచ్చయిన పేరే నిలవాలన్న ప్రాథమ్య నియమానికీ ఒక మినహాయింపు ఉంది. పాత పేరును 1899 తరువాత ఎవరూ చెల్లుబాటు పేరుగా వాడకుండా, కొత్త పేరును గడచిన 50 ఏళ్లలో కనీసం 10 మంది రచయితలు 25 రచనల్లో, పదేళ్లకు తక్కువ కాని వ్యవధిలో వాడి ఉంటే, కొత్తదే నిలుస్తుంది. దీనిని ‘ప్రాథమ్య విపర్యయం’ అనవచ్చునని నా ప్రతిపాదన.