మాస్టర్‌కి ఎక్కాక స్కోరు చెడింది, ఆడబుద్ధి కావడం లేదు. ఎక్కకుండా ఉండాల్సిందా?

సాయంత్రం_తొమ్మిది
అందరికీ నమస్కారం. డబ్ల్యూజీటీ గోల్ఫ్ అనే ఆన్‌లైన్ గేమ్ ఆడేవాళ్లు ఇక్కడ కొంతమంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. రెండేళ్లుగా ఆడుతున్నాను. టూర్ ప్రోలో ఉన్నంతకాలం హాయిగా ఉండేది, తొమ్మిది హోల్స్ 32, 33 స్ట్రోకుల్లో (గోల్ఫ్‌లో దెబ్బలు ఎంత తగ్గితే అంత మంచిది) ముగించేవాణ్ణి, వారం టోర్నమెంట్‌లో పై వరసల్లో పేరు కనిపించేది. రెండు నెలల కిందట యావరేజ్ తగ్గి మాస్టర్ వచ్చింది. ఆ రోజు మా ఆవిడని పిలిచి మరీ చూపించాను. అప్పటి నుంచి కష్టాలు మొదలు. టీ, అంటే మొదటి దెబ్బ కొట్టే చోటు, వెనక్కి జరిగింది, ఇదివరకు చిన్న ఐరన్ కర్రతో గ్రీన్ మీద (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) వేసే చోట ఇప్పుడు ఇంకా దూరం కొట్టే హైబ్రిడ్ కర్ర తీయాల్సి వస్తోంది, సెయింట్ ఆండ్రూస్ కోర్సులో 38 కంటే తగ్గడం లేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ఈ గేములో హ్యాక్, అమెచ్యూర్, ప్రో, టూర్ ప్రో, మాస్టర్, ఆ పైన టూర్ మాస్టర్, లెజెండ్ అని మెట్లు ఉంటాయి. యావరేజ్‌ని బట్టి ఎక్కుతాం, ఎక్కితే మళ్లీ దిగడం ఉండదు. ఆ చివరి మాటే నన్ను తినేస్తోంది. రాత్రి పడుకునే ముందు ఒక రౌండ్ ఆడితే రోజంతా తేలికైనట్టు ఉండేది, ఇప్పుడు ల్యాప్‌టాప్ తెరవాలంటేనే బరువుగా ఉంది. స్కోరు ఎలా బాగుచేసుకోవాలి? అసలు ఎక్కకుండా ఉండాల్సిందా?

రోడ్‌హోల్17
తమ్ముడూ, ఎక్కడం తప్పు కాదు. ఎక్కిన రెండు నెలలకే పాత స్కోరు రావాలనుకోవడం తప్పు. టీ మారితే అది వేరే కోర్సు కిందే లెక్క, పాత అలవాట్లు పనికిరావు.

నేను మాస్టర్‌కి వచ్చిన కొత్తలో మూడు నెలలు ఇలాగే కొట్టుకున్నాను. చివరికి ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. ప్రతి పట్‌కీ, అంటే గ్రీన్ మీద బంతిని గుంత వైపు దొర్లించే దెబ్బకీ, నాలుగు ముక్కలు రాసేవాణ్ణి: ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు ఎత్తు లేదా పల్లం, ఎంత పవర్ పెట్టాను, బంతి ఎక్కడ ఆగింది. రెండు వందల పట్‌లు రాసేసరికి లెక్క దానంతట అదే కనిపించింది. నాకు కుదిరిన లెక్క, ఎగువకైతే అంగుళానికి సుమారు ఒక అడుగు కలపడం, దిగువకైతే తీసేయడం. గ్రీన్ వేగాన్ని బట్టి ఇది మారుతుంది, అందుకే ఎవరి పుస్తకం వాళ్లే రాసుకోవాలి. గ్రీన్ వాలు చూపించే గ్రిడ్ మీద చుక్కలు కదిలే వేగం కూడా చూడండి, అవి ఎంత వేగంగా పారితే బంతి అంత పక్కకి లాగుతుంది.

ఇంకో మాట. నెల రోజులు ఒకే కోర్సు, ఒకే బంతి. బంతి మారిస్తే మీటర్ (షాట్ కొట్టేటప్పుడు కదిలే పట్టీ, సరిగ్గా గీత మీద నొక్కాలి) వేగం మారుతుంది, చేతికి అలవాటు పడదు. ఖరీదైన బంతికి మీటర్ నెమ్మదిగా కదులుతుంది, నిజమే, కానీ అది అరిగిపోతుంది, నీళ్లలో పడితే పోయినట్టే. మీకు రోజూ కొనుక్కోగలిగిన బంతితోనే నేర్చుకోండి.

మీటర్_మోహన్
ముందు మీటర్ ఆగి ఆగి కదులుతోందా చూడండి. నాది పాత ల్యాప్‌టాప్, పక్కన నాలుగు ట్యాబ్‌లు తెరిచి ఉంటే గీత దగ్గర చిన్న కుదుపు వచ్చేది. అన్నీ మూసేసి, వైఫై బదులు కేబుల్ పెట్టాక తొమ్మిది హోల్స్‌కి రెండు స్ట్రోకులు తగ్గాయి. ఫ్లాష్ (బ్రౌజర్‌లో గేములు నడిపే పాత సాఫ్ట్‌వేర్) సెట్టింగులు మార్చమని ఎక్కడైనా పాత సలహా కనిపిస్తే వదిలేయండి, 2020 డిసెంబర్‌తో ఫ్లాషే పోయింది.

పల్నాటి_బర్డీ
సాయంత్రం గారూ, మీ ప్రశ్నకి సూటిగా చెబుతున్నాను. అవును, ఎక్కకుండా ఉండాల్సింది. నేను నాలుగేళ్లుగా టూర్ ప్రోనే. సంతోషంగా ఉన్నాను. ర్యాంక్ రౌండ్లు నెలకి ఒకటో రెండో ఆడతాను, మిగతాదంతా జెండాకి ఎవరు దగ్గర వేస్తారో చూసే పోటీలు, ప్రాక్టీస్ రౌండ్లు. అవి యావరేజ్‌లో కలవవు. ఆఫీసులో పొద్దున నుంచి రాత్రి దాకా టార్గెట్లు, ఇంటికొచ్చాక కూడా ఇంకో మెట్టు, ఇంకో టార్గెట్ ఎందుకు? పైన ఉన్న అన్న చెప్పినట్టు నోటు పుస్తకం రాసుకుంటూ ఆడితే దాన్ని ఆట అనరు, ఆడిట్ అంటారు.

రోడ్‌హోల్17
పుస్తకం రాయడం మీకు ఆడిట్‌లా అనిపిస్తే రాయకండి. కానీ నాలుగేళ్లు ఒకే మెట్టు మీద ఉండి వారం టోర్నమెంట్‌లో కొత్తగా వచ్చిన టూర్ ప్రోలతో పోటీపడటాన్ని ఏమంటారో గోల్ఫ్ ఆడే అందరికీ తెలుసు. శాండ్‌బ్యాగింగ్.

పల్నాటి_బర్డీ
ఆ మాట వాడేముందు ఆలోచించండి. శాండ్‌బ్యాగింగ్ అంటే కావాలని బంతిని నీళ్లలో వేసి యావరేజ్ పాడు చేసుకోవడం. నేను జీవితంలో ఒక్క షాట్ కావాలని చెడగొట్టలేదు. రౌండ్ మధ్యలో వదిలేసి పారిపోలేదు. నా ప్రొఫైల్‌లో కంప్లీషన్ శాతం చూసుకోండి.

లాంగ్_డ్రైవ్_రాజు
మీరిద్దరూ కొట్టుకుంటున్నారు గానీ ఆయన అడిగింది స్కోరు గురించి. టీ వెనక్కి పోతే దూరం కావాలి, ముందు డ్రైవర్, అంటే టీ నుంచి దూరం కొట్టే కర్ర, మార్చండి. మార్క్ బ్రాడీ అని కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్, లక్షల షాట్లు లెక్క తీసి చెప్పాడు, మంచి ఆటగాడికీ మామూలు ఆటగాడికీ స్కోరులో ఉండే తేడాలో మూడింట రెండు వంతులు వంద గజాల అవతల షాట్లలోనే వస్తుందని. పటింగ్ గొప్పదనేది పాత మాట.

రెండు_పట్‌లు
రాజు గారూ, బ్రాడీ లెక్క నిజం గోల్ఫ్‌ది. అక్కడ డ్రైవ్ కొడితే బంతి ఎటైనా పోవచ్చు. ఇక్కడ గీత మీద నొక్కితే సూటిగా పోతుంది, కొంచెం అలవాటైన ఎవరికైనా ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య కత్తిరించిన గడ్డి దారి) దొరుకుతుంది. మరి తేడా ఎక్కడ వస్తుంది? గ్రీన్ మీద. మాస్టర్‌కి వచ్చాక నా డ్రైవ్‌లు ఏమీ మారలేదు, మూడేసి పట్‌లు మాత్రం రౌండ్‌కి నాలుగు వచ్చేవి. కారణం పటింగ్ రాకపోవడం కూడా కాదు, రెండో షాట్‌తో బంతిని జెండాకి పై వైపు వదలడం. దిగువకి పట్ కొట్టాల్సి వస్తే ఫాస్ట్ గ్రీన్ మీద ఎవరికైనా కష్టమే. జెండాకి కింద వైపు, పదిహేను అడుగులున్నా సరే, అక్కడ వేయండి సాయంత్రం అన్నా.

ఇంకొకటి, కాస్త ధైర్యం కోసం. నిజం పీజీఏ టూర్ ఆటగాళ్లే 8 అడుగుల పట్‌ని దాదాపు సగం సార్లే వేస్తారు. మనం ఇక్కడ ఒకటి తప్పితే రాత్రంతా బాధపడతాం.

లాంగ్_డ్రైవ్_రాజు
సూటిగా పోతే సరిపోతుందా? దూరం రాకపోతే జెండాకి కింద వేయడం ఎలా కుదురుతుంది? హైబ్రిడ్‌తో వేసిన బంతి ఆగదు. డ్రైవర్ ఇరవై గజాలు ఎక్కువ పోతే చేతిలో ఐరన్ ఉంటుంది. నా మాట అదే.

రెండు_పట్‌లు
అది ఒప్పుకుంటాను. కానీ కొత్త డ్రైవర్ కోసం మళ్లీ లెవెల్ పెరగాలి, క్రెడిట్లు కావాలి. గ్రీన్ చదవడానికి ఏదీ కొనక్కర్లేదు.

రోడ్‌హోల్17
పల్నాటి గారూ, మీకు జవాబు బాకీ ఉన్నాను. షాట్ చెడగొట్టలేదన్నారు, నమ్ముతాను. కానీ ర్యాంక్ రౌండ్లు ఆడకుండా యావరేజ్‌ని తొక్కిపెట్టి ఉంచడం, షాట్ చెడగొట్టడం, రెండూ చేరేది ఒక్క చోటికే. నిజం గోల్ఫ్‌లో 2020 నుంచి, ఆటగాడి స్థాయిని అంకెలో చెప్పే వరల్డ్ హ్యాండికాప్ సిస్టమ్‌లో చివరి 20 స్కోర్లలో మంచివి 8 తీసుకుని లెక్క కడుతున్నారు. ఎందుకంటే హ్యాండికాప్ చెప్పాల్సింది మనిషి ఆడగలిగిన ఆట. మీరు ఆడగలిగిన ఆట దాచి పెట్టుకుని చిన్నవాళ్ల టోర్నమెంట్‌లో కప్పు తీసుకుపోతున్నారు. అది నాకు నచ్చదు, ఎన్నిసార్లు అడిగినా ఇదే చెబుతాను.

పల్నాటి_బర్డీ
కప్పా? ఏ కప్పు? నాలుగేళ్లలో నేను వారం టోర్నమెంట్ గెలిచింది రెండుసార్లు! మీకు నా మీద ఇంత కోపం ఎందుకో అర్థం కావడం లేదు. నేనెవరో మీకు తెలియదు, మీతో ఒక్క రౌండ్ ఆడలేదు. ఎవరి మీదో ఉన్న కోపం నా మీద తీర్చుకుంటున్నారు.

మీటర్_మోహన్
సాయంత్రం గారు మీటర్ సంగతి ఇంకా చెప్పలేదు. వేరే బ్రౌజర్‌లో ఒకసారి చూడండి.

రోడ్‌హోల్17
అవును, ఎవరి మీదో ఉన్న కోపమే. చెబుతాను.

మా మేనల్లుడికి పదిహేనేళ్లు. కాలికి దెబ్బ తగిలి ఆరు నెలలు క్రికెట్ మానేయాల్సి వచ్చింది, ఇంట్లో కూర్చుని కుమిలిపోతుంటే నేనే ఈ గేమ్ నేర్పించాను. మంచం మీద నుంచే ఆడేవాడు, నోటు పుస్తకం నాకంటే శ్రద్ధగా రాసేవాడు. ప్రోకి వచ్చాడు, టూర్ ప్రోకి వచ్చాడు. మా క్లబ్‌లో కొత్తవాళ్ల కోసం పెట్టిన టోర్నమెంట్‌లో మూడుసార్లు ఆడి మూడుసార్లూ ఒకే మనిషి చేతిలో ఓడిపోయాడు. ఆ మనిషి ఐదారేళ్లుగా టూర్ ప్రోలోనే ఉన్నాడని మాకు తర్వాత తెలిసింది. మూడోసారి ఓడాక, మామయ్యా ఎంత నేర్చుకున్నా అంతే కదా అన్నాడు. మళ్లీ ఆడలేదు. వాడు అన్న ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. మీరు నాలుగేళ్లు అని రాయగానే నాకు అదే గుర్తొచ్చింది.

చిన్న_వెడ్జ్
అయ్యో. బాబు కాలు ఇప్పుడు బాగుందా అన్నా?

రోడ్‌హోల్17
బాగుందమ్మా. మళ్లీ క్రికెట్ ఆడుతున్నాడు.

పల్నాటి_బర్డీ
ఆ పిల్లాడి విషయంలో జరిగింది అన్యాయమే. నేను అక్కడ ఉంటే ఆ టోర్నమెంట్ ఆడేవాణ్ణి కాదు, ఇది మీరు నమ్మాలి.

నా సంగతీ చెబుతాను, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మేం నలుగురం, నరసరావుపేటలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. ఒకడు న్యూజెర్సీ, ఒకడు దుబాయ్, ఒకడు హైదరాబాద్, నేను ఊళ్లోనే ఉన్నాను. పెళ్లిళ్లయ్యాక ఫోన్లు తగ్గిపోయాయి. ఈ గేమ్ దొరికాక ప్రతి శుక్రవారం రాత్రి కాన్ఫరెన్స్ కాల్ పెట్టుకుని ఒకే టోర్నమెంట్ ఆడేవాళ్లం, ఎవరి స్కోరు ఎంతో అరుచుకుంటూ. న్యూజెర్సీ వాడు బాగా ఆడతాడు, వాడు మాస్టర్‌కి పోయాడు, టోర్నమెంట్ వేరైంది. తర్వాత దుబాయ్ వాడు కూడా ఎక్కాడు. స్కోర్లు పోల్చుకోవడానికి లేదు, టీలు వేరు. నెల తిరగకుండా శుక్రవారం కాల్ ఆగిపోయింది. ఎవరూ గొడవ పడలేదు, ఊరికే ఆగిపోయింది. ఇప్పుడు నేనూ హైదరాబాద్ వాడూ మిగిలాం. నేను ఎక్కితే వాడు ఒక్కడైపోతాడు. వాడికి పోయినేడాది నుంచి ఉద్యోగం లేదు. వారంలో వాడు గట్టిగా నవ్వేది ఆ ఒక్క రాత్రే. అందుకే ర్యాంక్ రౌండ్లు ఆడను. మీరు దీన్ని ఏ పేరుతో పిలిచినా సరే.

రెండు_పట్‌లు
పల్నాటి అన్నా, ఇది మొదట్లోనే చెప్పాల్సింది. రోడ్‌హోల్ గారు చెప్పిన హ్యాండికాప్ అసలు వచ్చిందే ఇందుకు కదా, బాగా ఆడేవాడూ అంతంత మాత్రం ఆడేవాడూ కలిసి ఆడటానికి. ఇక్కడి మెట్లు విడదీస్తున్నాయి. మీరిద్దరూ ఒకదాని గురించే బాధపడుతున్నారనిపిస్తోంది. మీ నలుగురూ టోర్నమెంట్ సంగతి వదిలేసి, కాగితం మీద మీ సొంత హ్యాండికాప్ పెట్టుకోండి. చివరి పది రౌండ్లు చూసి న్యూజెర్సీ ఆయన ఎన్ని స్ట్రోకులు వదులుకోవాలో మీరే తేల్చుకోండి. టీలు వేరైనా ఫర్వాలేదు, ఆ తేడా కూడా ఆ స్కోర్లలోనే ఉంటుంది.

పల్నాటి_బర్డీ
ఇది మాకు తట్టలేదమ్మా. వాడికి ఇప్పుడే మెసేజ్ పెడతాను.

రోడ్‌హోల్17
పల్నాటి గారూ, మిమ్మల్ని ఆ మాట అన్నందుకు క్షమించండి. మీరు ఎందుకు ఎక్కలేదో అర్థమైంది. కానీ సాయంత్రం తమ్ముడికి ఎక్కకుండా ఉండాల్సిందని చెప్పడం మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. కొత్తగా టూర్ ప్రోకి వచ్చే పిల్లలు అక్కడ ఎవరితో ఆడాలి? మీరు వారం టోర్నమెంట్ మానేసి స్నేహితుడితో మాత్రమే ఆడుకుంటే నాకు ఏ పేచీ లేదు.

పల్నాటి_బర్డీ
ఆలోచిస్తాను. ఇప్పుడే సరే అనలేను, వాడికి ఆ టోర్నమెంట్ పట్టికలో పేరు చూసుకోవడం ఇష్టం.

సాయంత్రం_తొమ్మిది
రెండు రోజులు రాలేదు, ఇక్కడ ఇంత జరిగింది. అందరివీ చదివాను. మోహన్ గారూ, మీటర్ బాగానే ఉంది, చూశాను. నిన్న పుస్తకం మొదలుపెట్టాను, ముప్పై ఒక్క పట్‌లు రాశాను. అందులో పంతొమ్మిది దిగువకి కొట్టినవే. రెండు_పట్‌లు గారు చెప్పింది కళ్లకి కట్టినట్టు కనిపించింది, నేను ప్రతిసారీ జెండా మీదకే గురిపెట్టి బంతిని అవతలికి పంపిస్తున్నాను. రాత్రి వెనక తొమ్మిది ఆడితే 37 వచ్చింది. నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన పదిహేడో హోల్‌లో రోడ్డు మీద పడి ఆరు కొట్టాను, అది లేకపోతే 35 వచ్చేది. చాలా రోజుల తర్వాత ఆడేసి మళ్లీ ఆడదామా అనిపించింది, కానీ పన్నెండయింది.

పల్నాటి గారూ, మీ నలుగురిలో ఎవరైనా ఒక రోజు రాలేకపోతే చెప్పండి. నేను మాస్టర్‌నే, ఎన్ని స్ట్రోకులు వదులుకోమంటే అన్ని వదులుకుంటాను.